పన్నెండింటికి తినాల్సిన బ్రెడ్డు

నా చిన్నప్పుడు మా ఇంటికి బ్రెడ్డు వచ్చిందంటే ఎవరికో జ్వరం తగిలిందని అర్థం. పాలలో ముంచి, పైన కాస్త పంచదార జల్లి, మంచం మీద ఉన్నవాళ్ళకు పెట్టేవాళ్ళు. ఒంట్లో బాగున్నవాళ్ళు కూడా బ్రెడ్డు తింటారని, అందులోనూ రెండు ముక్కల మధ్య ఏదో ముద్ద పెట్టుకుని ఇష్టంగా తింటారని నాకు తొమ్మిదో ఏడు వచ్చేదాకా తెలియదు. ఆ సంగతి నాకు చెప్పింది పక్కింటి అక్క.

అప్పుడు మేము బెజవాడలో గుణదల వైపు ఉండేవాళ్ళం. నాన్నకు ఉయ్యూరులో ఉద్యోగం, ఆదివారాలు మాత్రమే వచ్చేవాడు. అమ్మ పురిటికి పుట్టింటికి వెళ్ళింది. ఇంట్లో నేనూ, మా నాన్నను కన్న మామ్మా. పిట్టగోడకు అవతల అక్క వాళ్ళు. ముస్లింలు, వాళ్ళ నాన్నగారికి చిన్న బేకరీ ఉండేది. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునేవాళ్ళు, గోడ దగ్గరకు వస్తే అక్క తెలుగు నా తెలుగు కంటే చక్కగా ఉండేది. ఇది అబద్ధం కాదు, మా తెలుగు టీచరే అన్నారు.

అక్క ఆడపిల్లల కాలేజీలో హోంసైన్స్ చదువుతూ ఉండేది. మార్చిలో వంట ప్రాక్టికల్ తప్పింది, సెప్టెంబరుకు కట్టింది. ఈసారి కూడా తప్పితే చదువు చాలని, ఇంట్లో కూర్చోమని వాళ్ళ నాన్నగారు తేల్చి చెప్పేశారు. పరీక్ష తప్పిన సంగతి వీధిలో ఎవరికీ తెలియదు. మా మామ్మకు తెలుసు, మామ్మ కొంగు పట్టుకుని తిరిగేదాన్ని కాబట్టి నాకూ తెలుసు.

ఆ ప్రాక్టికల్ ఏమిటో విన్నప్పుడు నాకు భలే వింతగా అనిపించింది. మాంసం, గుడ్డు, పాలు, వెన్న ఏవీ తగలకుండా కూరగాయలతో, పప్పులతో, గింజలతో శాండ్‌విచ్ లోపలికి ముద్ద చేయాలి. పొద్దున ఎనిమిదింటికి ఇంట్లో చేసి డబ్బాలో పెట్టి తీసుకెళ్ళాలి. మేడం పన్నెండింటికి తిని మార్కులు వేస్తుంది. మార్చిలో అక్క టమాటా ముక్కలు పెట్టిందట. పన్నెండయ్యేసరికి బ్రెడ్డు నానిపోయి మేడం చేతిలోనే తెగి కింద పడిందట.

అందుకని అక్క మా పెరట్లోకి వచ్చి, "మా ఇంట్లో కూరగాయ అంటే మాంసంలోకి తోడు వేసేదేనండీ మామ్మగారూ. పచ్చళ్ళ సంగతి మీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? మీరే గట్టెక్కించాలి" అంది.

మా మామ్మ బ్రెడ్డు ఎన్నడూ తినలేదు. తను మడి కట్టుకుని వండుకున్నది తప్ప బయటిది మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. దేవుడికి పెట్టనిది నోట్లో వేసుకోదు గనుక వండేటప్పుడు ఉప్పు కూడా చూసేది కాదు. వాసన బట్టి, వేళ్ళకు తగిలే జిగురు బట్టి తెలుసుకునేది. అక్కకేమో అది రంజాన్ నెల. తెల్లవారుజాము నుంచి పొద్దు వాలేదాకా గుక్కెడు నీళ్ళు కూడా తాగదు. వంటవాళ్ళు ఇద్దరు, రుచి చూసే నోరు ఒక్కటీ లేదు. నన్ను పిలిచారు.

ఏర్పాటు ఇదీ. రోజూ పొద్దున ఎనిమిదింటికి రెండు శాండ్‌విచ్‌లు చేస్తారు. ఒకటి నా డబ్బాలో బడికి వెళ్తుంది, పన్నెండింటి బెల్లుకు నేను తినాలి. రెండోది పెరటి వసారాలో బోర్లించిన గిన్నె కింద ఉంటుంది, అది కంటితో చూసుకోవడానికి. మామ్మ మొదటి రోజు బ్రెడ్డును పుల్లతో పొడిచి చూసింది. రెండో రోజు వేలితో నొక్కి, అది మళ్ళీ పైకి లేస్తుంటే చిన్నపిల్లలా ఇంకోసారి నొక్కింది. తర్వాత పోయి చేతులు కడుక్కుంది.

మొదటి రోజు దోసకాయ ముక్కల పచ్చడి పెట్టారు. మధ్యాహ్నానికి అది నా గౌను మీద పడింది. సాయంత్రం ఇంటికొచ్చి బాగాలేదని చెప్పాను. మామ్మకు కోపం వచ్చింది. "బాగుంది, బాగాలేదు అని చెప్పడానికి నువ్వేమన్నా పెళ్ళివారి బంతిలో కూర్చున్నావా? ఏమైందో అది చెప్పు" అంది. ఏమైందంటే ఏమని చెప్పను? తల గోక్కున్నాను. మామ్మే ఒక్కొక్కటీ అడిగింది. ఏ ముక్క నానింది, పైదా కిందిదా? ముందు ఏది నాలుకకు తగిలింది, కారమా పులుపా? మింగాక నీళ్ళు తాగావా? అడుగుతుంటే నాకే ఆశ్చర్యం వేసింది. ఒక్క ముద్దలో ఇన్ని జరుగుతాయని అంతవరకూ నేను గమనించనే లేదు.

మర్నాడు కందిపచ్చడి, నీళ్ళు తక్కువ పోసి గట్టిగా రుబ్బింది. కింది ముక్క నానలేదు గానీ గొంతుకు అడ్డం పడింది, మూడుసార్లు కుళాయి దగ్గరకు పరుగెత్తానని చెప్పాను. మామ్మ బుగ్గన వేలు పెట్టుకుని ఆలోచించింది. తడి ఉంటే నానుతుంది, తడి లేకపోతే మింగుడుపడదు. కాసేపటికి అక్కను అడిగింది.

"జాడీలో ఆవకాయ మీద నూనె ఎందుకు తేలాలే అమ్మాయ్?"

"తడి తగలకుండానండీ."

"మరి దీనికి మాత్రం ఎందుకు వద్దు?"

నువ్వులు దోరగా వేయించి, నువ్వుల నూనె పోస్తూ వెన్నలా రుబ్బింది. ఆ ముద్దను రెండు బ్రెడ్డు ముక్కలకూ లోపలి వైపు పట్టించమంది. దాని మధ్య అరటికాయ ఉడకబెట్టి మెదిపి, పచ్చిమిర్చీ నిమ్మరసమూ కలిపి పెట్టారు. ఆ రోజు పన్నెండింటికి బ్రెడ్డు పొద్దున ఎట్లా ఉందో అట్లాగే ఉంది. లోపలంతా మెత్తగా, తడిగా ఉంది. కానీ చప్పగా ఉంది. "నోట్లోకి వెళ్ళింది, ఏమీ కాలేదు" అని చెప్పాను. మామ్మ నవ్వి, ఇప్పుడు చెప్పడం వచ్చిందే నీకు అంది. ఆ మాటకు నేను ఒక జానెడు పొడుగయ్యాను.

చప్పదనం పోవడానికి ఆవ పెడదామనుకున్నారు. ఆవాలు నూరి అరటికాయలో కలపడం మా ఇళ్ళల్లో మామూలే, కానీ వండిన పూటే తినేస్తాం. నాలుగు గంటలు డబ్బాలో ఉంటే ఆవ ఏమవుతుందో మామ్మకూ తెలియదు. అందుకే ఆ పొద్దున డబ్బా నా చేతికిస్తూ, ముక్కుకెక్కుతుందేమో జాగ్రత్తగా చూడమంది. మర్నాడే పరీక్ష.

ఆ రోజు వాన. మొదటి గంట నుంచీ నా ప్రాణమంతా డబ్బా మీదే ఉంది. నువ్వుల వాసన, నిమ్మకాయ వాసన మూతలోంచి వస్తూనే ఉన్నాయి. పదింటి ఇంటర్వెల్లో ఒక మూల కొరుకుదామని మూత తీశాను. ఒక మూల కాస్తా రెండు మూలలయింది, చివరికి మూత కూడా నాకేశాను. అమృతంలా ఉంది. వాన ఎక్కువవడంతో మధ్యాహ్నం బడి వదిలేశారు. తడుస్తూ ఇంటికొచ్చేసరికి పన్నెండున్నర.

అక్క గోడ దగ్గరే గొడుగేసుకుని నిలబడి ఉంది. పన్నెండింటికే తిన్నావా అని అడిగింది. తిన్నానన్నాను. ముక్కుకెక్కిందా అంది. లేదక్కా, బాగుంది అన్నాను. అక్క ముఖం వెలిగిపోయింది. గోడ మీదుగా నా తల నిమిరి, వాళ్ళమ్మతో చెప్పడానికి లోపలికి పరుగెత్తింది. ఇంక రేపు ఇదే చేసి పట్టుకెళ్తానమ్మీ అని కాబోలు, ఉర్దూలో చెబుతున్న గొంతు మా వసారాలోకి వినిపిస్తూనే ఉంది. ఉర్దూ రాకపోయినా ఆ సంతోషం నాకు అర్థమైంది.

మామ్మ కంచంలో అన్నం వడ్డించింది. నా వైపు చూసి, "బాగుంది అంటున్నావేమే ఇవాళ?" అంది. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ముద్ద నోటి దాకా వెళ్ళింది, లోపలికి పోలేదు. అక్క రేపటి నుంచి కాలేజీకి వెళ్ళదు, ఈ గోడ అవతలే కూర్చుంటుంది, అది నా వల్లే అనుకునేసరికి ఏడుపొచ్చేసింది. పదింటికే తినేశానని చెప్పేశాను.

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. బోర్లించిన గిన్నె వైపు చూసింది. దాని కింద పొద్దున ఎనిమిదింటికి చేసిన రెండో శాండ్‌విచ్ అట్లాగే ఉంది. నేను తింటాను మామ్మా, ఇప్పుడు నిజం చెబుతానని లేచాను.

"వద్దు. ఇప్పుడు భయంతో తింటావు. భయపడ్డ నోటికి అన్నీ చేదే" అంది.

అక్క పొద్దు వాలాక తిని చూడొచ్చు. కానీ అప్పటికి అది చేసి పది గంటలవుతుంది, పన్నెండింటికి ఎట్లా ఉండేదో తేలదు. వీధిలో ఎవరినైనా పిలిచి పెట్టొచ్చు కదా అని ఇప్పుడు నాకు అనిపిస్తుంది. పిలిస్తే ఎందుకు, ఏమిటి అని అడుగుతారు, ఆ పిల్ల పరీక్ష తప్పిన సంగతి ఊరంతా తెలుస్తుంది. మామ్మ ఇదంతా ఆలోచించే ఉంటుంది. చెంబుతో కాళ్ళు చేతులు కడుక్కుని వచ్చి, వసారాలో తూర్పు ముఖంగా పీట వేసుకుని కూర్చుంది. గిన్నె తీసి, ఆ బ్రెడ్డు చేతిలోకి తీసుకుని, కొరికింది.

నేను చూస్తున్నాను. ముందు ఆవిడ ముఖంలో ఏదో వింత కనిపించింది, కొత్త ఊళ్ళో బస్సు దిగినవాళ్ళ ముఖంలో కనిపించేలాంటిది. తర్వాత కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏడుస్తోందనుకున్నాను, కాదు, ఆవ ఘాటు. దగ్గి, మింగి, కాసేపు ఆగింది. చాలు మామ్మా అన్నాను. వినిపించుకోకుండా ఇంకో ముక్క కొరికి, ఈసారి కళ్ళు మూసుకుని నమిలింది.

"ఘాటు పెరిగింది. చివర చేదు. అరటికాయ తప్పు కాదు, నువ్వుల తప్పూ కాదు. ఆవ ఒక్కటే" అంది. ఆ తర్వాత చేతిలో మిగిలిన ముక్కను చూస్తూ మెల్లగా, "ఇంత మెత్తగా ఉంటుందా ఇది" అంది. నాతో అన్నది కాదు ఆ మాట.

గోడ దగ్గరకు వెళ్ళి అక్కను పిలిచింది. ఆవ తీసేసి, అల్లం తురిమి, వేయించిన జీలకర్ర నలిపి వేసి ఇప్పుడే ఒకటి చెయ్యమంది. మీకెట్లా తెలిసిందండీ అని అక్క అడిగింది. "తిన్నాను" అంది మామ్మ. మామ్మగారూ, మీరా అంది అక్క. మామ్మ నన్ను ముందుకు నెట్టి, ఎందుకు తిన్నానో ఇది చెబుతుందిలే అని లోపలికి వెళ్ళిపోయింది. గోడ పట్టుకుని, తల దించుకుని, నేనే అంతా చెప్పాను. అక్క తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని చాలాకాలం అనుకున్నాను. "పదింటికి బాగుందా?" అని మాత్రం అడిగింది. చాలా బాగుందక్కా అని చెబితే, ఏడుస్తున్న నన్ను చూసి తనే నవ్వింది.

రెండింటికి కొత్తది తయారైంది. సాయంత్రం రోజా ఉపవాసం విడిచే వేళ అక్క ఒక ఖర్జూరం తిని, మంచినీళ్ళు తాగి, ఆ శాండ్‌విచ్ కొరికింది. గోడ అవతల నుంచే తల ఊపి చూపించింది. నాలుగు గంటలైనా అల్లం అల్లంలాగే ఉందని చెప్పింది. మర్నాడు అదే చేసి తీసుకెళ్ళింది. పాసయింది. తర్వాత డిగ్రీ కూడా పూర్తిచేసి, ఎన్నో ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పింది.

అయితే నేను మరిచిపోలేనిది పరీక్ష రోజు కాదు, ముందు రోజు రాత్రి భోజనం. మామ్మ తలస్నానం చేసి, దేవుడి ముందు చాలాసేపు కూర్చుని, ఆ పూట ఏమీ తిననంది. నాకు మాత్రం పప్పూ అన్నం కలిపి పెట్టింది. ఆవిడ ముందు కూర్చుని నేనొక్కదాన్నే తిన్నాను. అది ఎంత కష్టమో చెప్పలేను. ఆవిడ ఆ బ్రెడ్డు సంగతి మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు, నాన్నకు కూడా చెప్పలేదు. నన్ను ఒక్క మాటా అనకుండానే పోయింది.

ఇప్పుడు బెంజ్ సర్కిల్ దగ్గర మా మనవరాలి ఫ్లాటులో ఉంటున్నాను. ఆ పిల్ల ఆఫీసుకు డబ్బాలో శాండ్‌విచ్‌లు తీసుకెళ్తుంది. పాలూ గుడ్డూ లేకుండా శనగలు మెదిపి, పుట్టగొడుగులు వేయించి, జీడిపప్పు నానబెట్టి రుబ్బి ఏవేవో చేస్తుంది, ఫోనులో చూసి. ప్లాంట్ బేస్డ్ అమ్మమ్మా అంటుంది, కొత్తగా కనిపెట్టినట్టు. పొద్దున ఒకటి నాకిచ్చి, మధ్యాహ్నానికి ఎట్లా ఉంటుందో తిని చెప్పమంటుంది. నేను దాన్ని బల్ల మీద పెట్టుకుని గడియారం వైపు చూస్తూ కూర్చుంటాను. పదకొండుకే ఆకలేస్తుంది, ఈ వయసులో ఆకలికి ఆగడం తేలిక కాదు. తినేయకూడదూ, నీ చాదస్తం కాకపోతే అని మా అమ్మాయి విసుక్కుంటుంది. విసుక్కోనీ. పన్నెండయ్యాకే తింటాను. ఒకసారి నేను ఆగలేకపోయినందుకు, ఒక పెద్దావిడ అరవై ఏళ్ళ నియమం విడిచి నా బదులు తినాల్సి వచ్చింది.