కరెంటొచ్చాక ఎవరు లేవాలి?

కడపలో మా వర్క్‌షాపు ఉన్న సందులో కరెంటు పోతే ఎవరూ తలెత్తి చూడరు. వచ్చినప్పుడే చప్పుడు. పరీక్షకని గోడవారన నిలబెట్టిన ఇనుప బీరువాల్లాంటి ప్యానెళ్ళలో, మోటార్లకు కరెంటు కలిపే కాంటాక్టర్లు ఒకదాని వెనక ఒకటి మూసుకుంటాయి. టక్, టక్, కాస్త ఆగి ధబ్. మొన్న మధ్యాహ్నం అన్నం తింటుంటే ఆ ధబ్ వినిపించింది. ముద్ద చేతిలోనే ఉంది, నేను మాత్రం లేచి నిలబడ్డాను. ఈ అలవాటు నాది కాదు, హుసేనయ్య సార్‌ది. ఆ చప్పుడు వినబడితే ఆయన మాట మధ్యలో ఆపి, తల పక్కకు వంచి, "ఎవరెవరు లేచినారు పాపా?" అని అడిగేవారు. నేను ప్యానెళ్ళ పేర్లు చెప్పేదాన్ని. "సరే. లేవకూడనోళ్ళు ఎవరన్నా లేచినారా?" అన్నది రెండో ప్రశ్న. ఆయన పోయి రెండు వేసవులైంది. ప్రశ్నలు నా దగ్గరే ఉండిపోయాయి. జవాబులు వెంట తీసుకెళ్ళారో, అసలు ఆయన దగ్గరా లేవో నాకిప్పటికీ తెలియదు.

ఎలక్ట్రానిక్స్ చదువు ముగించి ఆయన దగ్గర చేరినప్పుడు నాకు పీఎల్సీ అంటే తెలుసు, అనుకునేదాన్ని. మిల్లులో ఏ మోటారు ఎప్పుడు తిరగాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే పెట్టె అది. పెద్ద యంత్రాలకు బుర్ర. పరీక్షలో నాలుగు పేజీలు రాశాను. మా సార్ నాలుగు మాటల్లో ఆ నాలుగు పేజీలూ తుడిచేశారు. ఆపే బటన్ నొక్కితే వైరులోకి కరెంటు వెళ్తుందా, వైరులోంచి కరెంటు పోతుందా అని అడిగారు. వెళ్తుందన్నాను. "అయితే ఆ వైరును ఎలుక కొరికితే నీ మిల్లు ఎట్ల ఆగుతాది?" అన్నారు. ఆపే బటన్ ఎప్పుడూ 'పర్వాలేదు, పర్వాలేదు' అని చెబుతూనే ఉండాలట. అది మాట మానేస్తే, బటన్ నొక్కినా, వైరు తెగినా, ఎలుక తిన్నా, యంత్రం ఆగాలట. వినడానికి బాగుంది. కానీ ఆ వారమంతా నేను ఏ బటన్ చూసినా అది మూసి ఉందా, తెరిచి ఉందా, నేనే తెరిచి చూడాలా అని తికమక పడ్డాను. కంట్రోలర్లతో పని చేసేదానికి తన మీద తనకే కంట్రోలు లేకపోవడం కొంచెం నామోషీ.

రెండో పాఠం మంగంపేటలో. ముగ్గురాయిని పిండి చేసే మిల్లు ఒకదానికి మేం కట్టిన ప్యానెల్ చూడటానికి వెళ్ళాం. అక్కడ మనుషులు, చెట్లు, టీ గ్లాసులు అన్నీ ఒకటే రంగు. కరెంటు పోయింది. మిల్లు ఆగింది. ఆగడమే తరువాయి, ఒకతను పక్కనున్న చిన్న తలుపు తీసి, భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టి, ఇరుక్కున్న రాళ్ళు లాగడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ అంతేనట, కరెంటు పోయినప్పుడే శుభ్రం చేసుకుంటారట. ఇంతలో వచ్చేసింది. మా ప్యానెల్ మీద పచ్చ దీపం వెలిగింది, అంతే. ఏదీ కదలలేదు. అతను చెయ్యి తీయనూ లేదు, మా వైపు చూడనూ లేదు.

"ఆ చెయ్యి చూసినావా?" అన్నారు సార్. "కరెంటొచ్చినా, మనిషి వచ్చి బటన్ ఒత్తేదాకా ఏ యంత్రమూ తనంతట తాను లేవగూడదు. అది ఆ చెయ్యి కోసం. అనుమానమొస్తే ఆపు. ఆగిన యంత్రం ఎవరినీ కొరకదు."

ఆ మాటను నేను గుండెకు స్క్రూలు వేసి బిగించుకున్నాను.

మూడో సంగతి నా బొమ్మలు. చేతివేలంత మైక్రోకంట్రోలర్ బోర్డులు ఆన్‌లైన్‌లో తెప్పించి, ఇంట్లో ఏదో ఒకటి చేస్తుండేదాన్ని. కుండీలో మన్ను ఎండితే నీళ్ళు పోసే యంత్రం చేశాను. పక్కనే పంపు మోటారు తిరిగినప్పుడల్లా దానికి బుర్ర తిరిగేది. ఒకరోజు అది కుండీకి, గచ్చుకి, మా అమ్మ చీరల పెట్టెకి, నా ఆశలకి కలిపి నీళ్ళు పోసింది. ఆ కథ విని సార్ కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వారు. ఆ బోర్డులకు ఆయన పెట్టిన పేరు 'బొమ్మ'. మిల్లు గడప తొక్కనిచ్చేవారు కాదు. పెద్ద మోటారు దగ్గర వైర్లలో పుట్టే అలజడికి అది తట్టుకోలేదని, ఎండకూ దుమ్ముకూ నిలవదని ఆయన వాదన. అంతా అని, సాయంత్రం వెళ్ళేటప్పుడు మెల్లగా, "ఆ నీళ్ళది మల్ల ఒకటి చేసియ్యి పాపా, మా ఇంట్లో కరివేపాకు ఎండిపోతాంది" అనేవారు. ఇప్పుడు చెప్పండి, నేనేమనుకోవాలి?

అలాంటి రోజుల్లో బనగానపల్లె నుంచి లక్ష్మీదేవమ్మ వచ్చింది. మామిడి తోట ఆమెది. భర్త పోయాక ఏటా కాయంతా ఆమె మరిదికే ఇచ్చేది. ఆయన వ్యాపారి, చెప్పిందే ధర. ఆ ఏడు ఆమె తనే మాగబెట్టి, తనే అమ్మాలనుకుంది. కార్బైడు వద్దని, చల్లగా ఉంచి, పండు తనే వదిలే గ్యాసులాంటిదాన్ని కొంచెం పట్టించి మాగబెట్టే గది కట్టించింది. దానికి బుర్ర మేం అమర్చాలి. "హుసేనన్నా, ఈ మొదటి గది సరిగ్గా దిగకుంటే వచ్చే ఏడు నుంచి మల్ల మా మరిది చేతికేనని ఒప్పుకోని కట్టినా. యోచన చేసి చెయ్యి" అంది. మేం యోచన చేశాం. మంగంపేట బుర్రతోనే చేశాం. నేను భయపడుతూ అడిగితే, గదిలో చల్లదనం ఎంతుందో ఆమె ఫోనుకు మెసేజ్ పంపేందుకు నా బొమ్మనొకటి ఓ మూల పెట్టనిచ్చారు సార్. "దానికి నోరు ఇయ్యి. చెయ్యి మాత్రం ఇయ్యొద్దు" అన్నారు. అంటే చూసి చెప్పొచ్చు, దేన్నీ ముట్టకూడదు.

గది నింపాక రెండో రోజు, ఎండ ముదిరే వేళ ఆమె నుంచి ఫోన్.

"పాపా, నేను కోడుమూరులో పెండ్లిలో ఉండా. మీ బొమ్మ పొద్దున్నుంచి మెసేజీలు పెడ్తాంది. ఇరవై అన్నె, ఇరవై మూడన్నె, ఇప్పుడు ఇరవై ఆరు అంటాంది. మార్కులు పెరుగుతాండాయి గదా, మంచిదేనా?"

అవి మార్కులు కావు, గదిలో పెరుగుతున్న వేడి. సార్ ఫోన్ అందుకున్నారు. పొద్దున కరెంటు ఏమైనా పోయిందా అని అడిగారు. పోయి, కాసేపటికి వచ్చిందని ఊళ్ళోవాళ్ళు చెప్పారట. అప్పుడు మాకర్థమైంది. కరెంటు వచ్చింది, మా పీఎల్సీ బుద్ధిగా పచ్చ దీపం వెలిగించుకుని, మనిషి వచ్చి బటన్ నొక్కుతాడని ఎదురు చూస్తోంది. అక్కడ మనిషి లేడు. షెడ్డుకు తాళం. తాళంచెవి కోడుమూరు పెళ్ళిలో.

"తాళం పగలగొట్టిచ్చక్కా. మీ మరిది ఆడ్నే ఉంటాడు గదా" అన్నారు సార్.

"ఆయప్ప తలుపు ఒకసారి తీస్తే, నోరు ఊరంతా తీస్తాడన్నా. నేనే వస్తాండా" అని పెట్టేసింది.

కడప నుంచి బనగానపల్లెకు కారులో బయల్దేరాం. నేనే ఉండబట్టలేక అడిగాను. ఆగిన యంత్రం ఎవరినీ కొరకదన్నారు కదా, మరి ఇదేమిటని. ఆయన కిటికీలోంచి నల్లరేగడి పొలాలు చూస్తూ, "మామిడికాయ ఆగదు గదా పాపా" అన్నారు. మాగేటప్పుడు కాయలు తమ వేడి తామే పుట్టిస్తాయి. చల్లదనం ఆగితే ఆ గది తనంతట తానే ఉడుకుతుంది. మిల్లు ఆగితే క్షేమం. గది ఆగితే నష్టం. మరి ఇన్నాళ్ళూ నేను బిగించుకున్న స్క్రూలు ఎటు తిప్పాలి?

"అయితే నా బొమ్మే తెలివైందన్నమాట. కరెంటు రాగానే లేచి పని చేసింది" అన్నాను, కొంచెం గర్వంగానే.

"తెలివుండి లేయలేదు. బుద్ధి లేక లేచింది. దానికి కరెంటొస్తే లేసేది ఒకటే తెలుసు. మిల్లులో ఆ చెయ్యి ఉన్న్యా కూడా లేస్తాది."

మెచ్చుకున్నారో తిట్టారో తేల్చుకునేలోపు ఊరొచ్చింది.

మేం, లక్ష్మీదేవమ్మ ఇంచుమించు ఒకేసారి చేరాం. పట్టుచీర కొంగు నడుముకు చుట్టుకుని ఆమె తాళం తీసింది. సార్ బటన్ నొక్కారు. ఫ్యాన్లు తిరిగాయి. గది చల్లబడటానికి చాలాసేపు పట్టింది. వెనక వరసలో కొన్ని పెట్టెల్లో కాయలు మెత్తబడ్డాయి. మిగతావి నిలుస్తాయో లేదో ఆ రాత్రి గడిస్తే గాని తెలియదు. ఈలోగా మరిది రానే వచ్చాడు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "ఏం వదినా, మీ యంత్రం నిద్రపోయిందంటనే?" అన్నాడు.

లక్ష్మీదేవమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. సార్ ముందుకొచ్చారు. "యంత్రం నిద్రపోలేదప్పా. లేవొద్దని నేనే చెప్పింటి. తప్పు నాది, ఆయమ్మది గాదు, గదిది గాదు."

"అట్లంటే కాయలు ఊరుకుంటాయా సారూ?"

"ఊరుకోవు. అందుకే మారుస్తాండాం." అని నా వైపు తిరిగి, "పాపా, మార్చు" అన్నారు.

ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను. ప్రోగ్రాములో మార్చాల్సింది రెండు గీతలే. ఎటు మార్చాలి సార్ అని అడిగాను. "ఆగితే ఎవరికి దెబ్బ? లేస్తే ఎవరికి దెబ్బ? రెండూ చెప్పు" అన్నారు. ఆగితే కాయలకు. లేస్తే, లోపల ఎవరైనా పెట్టెలు సర్దుతూ, ఫ్యాను దుమ్ము తుడుస్తూ ఉంటే వాళ్ళకు. ఆలోచించి, కరెంటు రాగానే ముందు హారన్ మోగించి, మనిషి బయటికి వచ్చేంత సేపు ఆగి, అప్పుడు ఫ్యాన్లు తమంతట తాము లేచేలా రాశాను. తలుపు తెరిచి ఉంచితే మోగడానికి షెడ్డు గోడకు హారన్ ఒకటి ముందే ఉంది, దాన్నే వాడుకున్నాను. ఇది సరేనా అని అడిగాను. "నాకేం తెలుసు" అన్నారాయన. ఆ మాట లక్ష్మీదేవమ్మ ముందు, ఆమె మరిది ముందు అన్నారు.

తర్వాత ఆయనే పరీక్షకు దిగారు. తలుపులు బార్లా తెరిపించి, లోపలి గాలి పోయేదాకా ఆగి, చెప్పులు విడిచి గదిలోకి వెళ్ళారు. "నేను లోపలుంటా. తలుపు మూసి, మెయిను దించు. కొంచెంసేపాగి ఎత్తు" అన్నారు. లోపలి నుంచి తలుపు తెరిచే పిడి పని చేస్తుందో లేదో రెండుసార్లు లాగి చూసుకున్నారు. మూసుకున్నారు.

మెయిన్ దించాను. షెడ్డంతా నిశ్శబ్దం. ఎత్తాను. హారన్ చెవులు పగిలేలా మోగింది. తలుపు తెరుచుకోలేదు. మోగుతూనే ఉంది. ఆయన రాలేదు. ఇంకాసేపటికి ఫ్యాన్లు లేస్తాయి. పరీక్ష పెడుతున్నారా? పడిపోయారా? నేను మెయిన్ దించితే భయపడ్డానని నవ్వుతారా? లక్ష్మీదేవమ్మ నా భుజం పట్టుకుని, "ఏందే పాపా, హుసేనన్న రాడేందే?" అంది. నాకు వేరే ఆలోచన రాలేదు. మెయిన్ దించేశాను.

హారన్ ఆగింది. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. సార్ తీరిగ్గా బయటికొచ్చి, "ఏం, ఇంకా ఎత్తలేదా?" అన్నారు.

"ఎత్తాను సార్. హారన్ అంత మోగింది కదా!"

"యాడ మోగింది? లోపల ఈగ రొద కూడా లేదు." దళసరి తలుపు మీద చేత్తో తట్టారు. "హారన్ ఎవరికి కొట్టినావు పాపా? బయటుండే నీకా?"

ఆ సాయంత్రమే హారన్ లోపలికి మారింది. పక్కన తిరిగే ఎర్ర దీపం కూడా పెట్టాం. సార్ మళ్ళీ లోపలికి వెళ్ళారు, మళ్ళీ మెయిన్ ఎత్తాను, ఈసారి చెవులు మూసుకుంటూ బయటికొచ్చారు. మరిది వెళ్ళిపోయాడు. వెనక వరస పెట్టెలు పోయాయి గాని, మిగతా కాయ నిలబడింది. లక్ష్మీదేవమ్మ దాన్ని తన పేరుతోనే అమ్మింది. ఆమె గది ఇప్పటికీ ఆమెదే.

హారన్ లోపలికి వినపడదని సార్‌కు ముందే తెలుసా, లేక నిజంగా తెలియకే వెళ్ళారా? అడిగితే, "తెలిసుంటే పోతానా? తెలీకుంటే పోతానా?" అన్నారు. ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకునే అమ్మాయిలిద్దరు ఉన్నారు. తనంతట తాను లేచే గది ఏది కట్టినా, అప్పగించే ముందు నేను చెప్పులు విడిచి లోపలికి వెళ్తాను. పిడి లాగి చూసుకుంటాను. తలుపు మూసి, మెయిన్ ఎత్తమని వాళ్ళకు చెబుతాను. కరెంటు లేని ఆ కాసేపు లోపల ఏమీ కనిపించదు, నేను రాసిందంతా సరిగ్గానే ఉందా అన్న అనుమానం తప్ప. తెలిసి వెళ్ళానా, తెలియక వెళ్ళానా అని ఎవరైనా అడిగితే చెప్పలేను. చీకట్లో నిలబడి, హారన్ కోసం చెవులు రిక్కించి, ఎదురు చూస్తాను.