సంతకం పెట్టని పిన్ని

మా వీధి పిన్ని పోయిందని పోయిన నెల ఒక సోమవారం పొద్దున ఫోన్ వచ్చింది. నరసరావుపేటలో మా పక్కింటావిడ. చిలకలూరిపేట రోడ్డులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమాస్తాగా చేసింది. సాఫ్ట్‌వేర్ పనిలో నాకు ఏమాత్రం పేరున్నా అది ఆవిడ చలవే.

నేను చేసిన మొదటి సాఫ్ట్‌వేర్ ఆ కోల్డ్ స్టోరేజీకే. వాటర్‌ఫాల్ పద్ధతి అనుకున్నాం. ముందు కావలసినవన్నీ రాసి సంతకం తీసుకోవాలి. ఆ తర్వాతే డిజైన్, కోడింగ్, టెస్టింగ్. ఒక మెట్టు దిగాక మళ్లీ పైకెక్కడం ఉండదు. "గుమాస్తమ్మ చదివి పెడితే నేను పెట్టినట్టే" అన్నాడు యజమాని.

పిన్ని ప్రతి పేజీ వేలు పెట్టి చదివింది. కాగితం పాడవుతుందని పెన్సిలుతోనే గీతలు గీసింది.

"నేను పెట్టనురా" అంది చివరికి.

"ఎత్తిపోతల జలపాతం చూశావుగా పిన్నీ. నీళ్లు కిందికే పోతాయి. ఇదీ అంతే, నువ్వు సంతకం పెడితేనే ముందుకెళతాం."

"అయితే దూకకముందే చూసుకోవాలి గదా! కోతలు రానీ. వచ్చి నా పక్కన కూర్చో."

ఒళ్లు మండింది. ఆలస్యమైనందుకు ఆఫీసులో మాటలు పడ్డాను. అయినా కోతలప్పుడు వెళ్లి కూర్చున్నాను. మూడోరోజు ఈపూరు వైపు నుంచి ఒక కౌలు రైతు, ఆడమనిషి, బస్తాలు దింపించింది. మా ఫారంలో పొలం యజమాని పేరుకే చోటుంది. కౌలుదార్ల పేర్లు ఇన్నేళ్లూ పిన్నే రసీదు అంచున చేత్తో రాస్తూ వచ్చింది.

"రేపు పొలం ఆసామి వచ్చి సరుకు నాదంటే, ఈమె ఏం చూపిస్తది? నీ కంప్యూటర్లో అంచు ఏదిరా?"

ఆ సాయంత్రమే 'సాగు చేసినవారు' అని ఇంకో గడి చేర్చాను. అప్పుడు పెట్టింది సంతకం.

మరుసటి ఏడు ఆ పొలం ఆసామి తమ్ముడు ఆమె బస్తాలు తీసుకుపోతానని వచ్చాడు. రసీదు మీద రెండు పేర్లు చూసి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు. ఆ కబురు చెప్పడానికి పిన్ని మోకాళ్ల నొప్పులతోనే చానా ఏళ్లకి మా మేడ మెట్లెక్కింది. "మనం బాగా చేశాంరా" అంది. ఆ 'మనం' కన్నా పెద్ద మెప్పు నాకింతవరకు ఎవరూ ఇవ్వలేదు.

పెద్దకర్మ నాడు ఆ ఈపూరు రైతు బస్సులో వచ్చింది. ఫోటోకి దండం పెట్టింది.

"ఈమె పేరేందయ్యా? గుమాస్తమ్మా అనే పిలిచాం ఎప్పుడూ."

చెప్పాను. మరిచిపోకుండా రెండుసార్లు పైకే పలికింది. వాకిట్లో చెప్పులు తొడుక్కుంటూ, తనలో తాను, ఇంకోసారి అనుకుంది.