ఓబులేసు ఇంటి పంచనామా

ఆరేళ్లుగా ఒక సంతకాన్ని మోస్తున్నాను. అది నాదే. ఎవరో బెదిరించి పెట్టించుకున్నది కాదు, మోసపోయి పెట్టిందీ కాదు. ఇష్టపడి పెట్టాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కరలేదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది కదిరి వైపు. మా ఆయన సెంట్రింగ్ పనికని బెంగళూరు వస్తే వెనకే నేనూ వచ్చాను. మమ్మల్ని తెచ్చింది ఓబులేసు మేస్త్రీ. మా ఊళ్ల నుంచి చాలా కుటుంబాలను తెచ్చి, తానుండే వీధిలోనే గదులు చూపించాడు. ఏ వీధో చెప్పను. వర్తూరు దగ్గర లేస్తున్న ఒక అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తు నుంచి మా ఆయన పడిపోయాడు. నడుముకు బెల్టు లేదు. బెల్టులు తెప్పించమని రెండు వారాలుగా మేస్త్రీని అడుగుతున్నాడని నాకు తెలుసు. రోజూ ఇంటికొచ్చి నాతో చెప్పేవాడు.

శవం దగ్గర పోలీసులు పంచనామా రాస్తే ఓబులేసు సాక్షిగా నిలబడ్డాడు. పొద్దున్నే తాగి వచ్చాడని, వద్దన్నా ఎక్కాడని చెప్పి సంతకం చేశాడు. మా ఆయన జన్మలో చుక్క ముట్టిన మనిషి కాదు. కానీ కాగితంలో పడిన మాట మాకంటే ముందే ఊరు చేరింది. దినాల నాడు మా అత్త నన్ను పక్కకు పిలిచి, ఎప్పటినుంచి తాగుతున్నాడని అడిగింది. కన్నతల్లి. ఆమె కూడా నమ్మింది.

ఇంకొకరైతే ఆ వీధి వదిలి వెళ్లేవారేమో. నేను వెళ్లలేదు. ఓబులేసు ఇంటికి ఎదురుగానే చిన్న షట్టరు తీసుకుని కుట్టుమిషను వేసుకున్నాను. వాడు మెట్లెక్కడం, దిగడం రోజూ కళ్లారా చూడాలని. చూసి ఏం చేద్దామని? అది నాకే తెలియదు. వాడు ఎవరితోనో నవ్వుతుంటే మిషను ఆపేదాన్ని. ఆ నవ్వు పూర్తయ్యేదాకా చూసి మళ్లీ తొక్కేదాన్ని. పొద్దున లేవడానికి అదొక్కటే చాలింది.

మూడేళ్లు గడిచాయి. ఒకనాడు పదకొండు గంటలప్పుడు వాడి ఇంటిముందు జీపు ఆగింది. ఎస్సై, ముగ్గురు కానిస్టేబుళ్లు. ఏదో సైటులో రాగి తీగ పోయిందట, మేస్త్రీ మీద అనుమానమట. సోదా చేయడానికి వీధిలోవాళ్లు ఇద్దరు సాక్షులు కావాలన్నారు. కాఫీ అంగడి ముసలాయన్ని జబ్బ పట్టుకుని తెచ్చారు. నన్ను ఎవరూ పట్టుకోలేదు. కత్తెర కింద పెట్టి నేనే వెళ్లాను.

ఓబులేసు గుమ్మంలో నిలబడి, వారంటు ఉంటే చూపించమని అడిగాడు. ఎస్సై నవ్వి వాణ్ని తోసుకుని లోపలికి పోయాడు. ఆ తోపుకు వాడి తల గోడకు తగిలింది. నాకు హాయిగా ఉండింది. ఇది దాచను. బియ్యం డబ్బా బోర్లించారు. బీరువాలోని చీరలు నేల మీద కుమ్మరించారు. ఆడపోలీసు ఎవరూ రాలేదు. వాడి భార్య లక్ష్మీదేవి లోబట్టల్ని ఒక కానిస్టేబుల్ లాఠీతో కెలుకుతుంటే ఆమె తల దించుకుని నిలబడింది. ఆమె నాకేం చేసింది? ఆ ప్రశ్న ఆ రోజు నాకు రాలేదు.

గంటసేపు వెతికారు. ఏమీ దొరకలేదు. నేను మెట్ల మీద ఉన్నాను. అప్పుడు ఇద్దరు కానిస్టేబుళ్లు కిందికి దిగి, జీపు వెనకనుంచి ఒక గోనెసంచి దింపారు. చెరో కొసా పట్టుకుని, నా చీరకు రాసుకుంటూ నా పక్కనుంచే పైకి మోసుకుపోయారు. వెనకే గుమ్మందాకా వెళ్లాను. మంచం కిందికి తోసి, మళ్లీ బయటికి లాగారు. లోపల రాగి తీగ.

ఎస్సై మహజరు రాసి మా ముందు పెట్టాడు. పంచనామాను ఇక్కడ అలాగే అంటారు. కన్నడం నేను కూడబలుక్కుని చదవగలను. సంచి మంచం కింద దొరికిందని, సాక్షుల కళ్లెదుటే తీశామని రాసి ఉంది. ముసలాయన చదవకుండానే సంతకం పెట్టాడు. ఓబులేసు నా వైపు తిరిగాడు.

"అమ్మా, నువ్వు మెట్లకాడే ఉండావు. ఆ సంచి యాడినుంచి వచ్చిందో చూసినావు."

"చూసినా."

"చూసింది చెప్పమ్మా. నీకు దండం పెడతా."

"నా మొగుడు తాగింది నువ్వు చూసినావు కదప్పా. నేనూ అట్లే చూసినా."

వాడి మొహం పాలిపోయింది. ఆ మొహం కోసమే నేను మూడేళ్లు కాచుకున్నాను. సంతకం పెట్టాను.

వాడు రెండు నెలలు జైల్లో ఉన్నాడు. బెయిలు మీద వచ్చాక ఏ సైటులోనూ గేటు దాటనివ్వలేదు. లక్ష్మీదేవి బొమ్మసంద్రలో ఏదో ఫ్యాక్టరీలో ఊడ్చే పనికి చేరింది. తెల్లవారి నా షట్టరు ముందునుంచే బస్సుకు వెళ్లేది. ఒక్కరోజు కూడా నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మా ఆయన సంగతి ఎత్తి నాలుగు మాటలు అనేదాన్ని, ఆమె మొహం చూడగలిగేదాన్ని.

కోర్టులో ప్రమాణం చేసి అదే అబద్ధం మళ్లీ చెప్పాను. ముసలాయన మాత్రం తానేమీ చూడలేదని, పెట్టమంటే పెట్టానని చెప్పేశాడు. కేసు నిలవలేదు. ఐదేళ్లు తిరిగి తిరిగి పోయినేడు ఓబులేసు బయటపడ్డాడు. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగింది పశ్చాత్తాపం కాదు. కోపం. అంత భయపడే ముసలాయన నిజం చెప్పాడే అని కూడా కోపం.

ఇంకొకటి ఉంది. ఇది రాయడం కష్టంగా ఉంది. కేసు నడుస్తుండగానే ఆ కానిస్టేబుళ్లలో ఒకడు మరో కాగితంతో నా అంగడికి వచ్చాడు. పక్క వీధి పీజీలో ఉండే ఒక అమ్మాయి గదిలో ఏదో దొరికిందట, సాక్షి సంతకం కావాలట. నేను ఆ గది గడప కూడా చూడలేదు. చూడనిదానికి పెట్టనన్నాను. మేస్త్రీ ఇంట్లో ఏం చూసి పెట్టావని అడిగాడు. గట్టిగా కూడా అడగలేదు. పెట్టాను. ఆ అమ్మాయి నాకు ఏ అన్యాయమూ చేయలేదు. ఆమె ఏమైందో తెలియదు. కాగితం మీద పేరు చదివాను, ఇప్పుడు ఎంత తలచుకున్నా గుర్తురావడం లేదు.

మొన్న ఒక లాయరమ్మ నల్లకోటు లైనింగు మార్చమని తెచ్చింది. మాటల్లో పెట్టి అడిగాను, సోదాకు సాక్షుల్ని ఎందుకు పిలుస్తారని. పోలీసులు ఇంట్లోకి దూరాక ఇంటివాళ్ల మాట ఎవరు నమ్ముతారు, అందుకని చట్టం ఇద్దరు బయటివాళ్లను నిలబెట్టమంది అని చెప్పింది. ఇప్పుడు వీడియో కూడా తీయాలట. వీడియోలో అబద్ధం ఉండదు కదా అన్నాను. ఎప్పుడు మొదలుపెట్టి తీశారో అదీ చూడాలి అంది. ఆమె వెళ్లాక చాలాసేపు మిషను తొక్కలేకపోయాను. సాక్షిని నిలబెట్టేది పోలీసుల కోసమనే ఇన్నాళ్లూ అనుకున్నాను. కాదు, వాడి కోసం. ఆ మెట్ల మీద ఓబులేసుకు చట్టం ఇచ్చిన అండ ఏదైనా ఉందంటే అది నేను. నా మొగుణ్ని తాగుబోతును చేసినవాడికి నేను అండ.

వాణ్ని క్షమించానా? లేదు. ఎక్కడో వాచ్‌మన్‌గా ఉన్నాడంటారు. వెళ్లి చెబుతానా? వెళ్లను. వాడు నా ఎదుటికొచ్చి మా ఆయన తాగలేదని ఒక్కసారి అంటే, అప్పుడు నేనూ నోరు విప్పుతానేమో. విప్పనేమో కూడా. ఆ అమ్మాయి విషయంలో అలా బేరం పెట్టడానికి కూడా నాకు నోరు లేదు. లక్ష్మీదేవి విషయంలోనూ లేదు.

మీరు నన్ను ఏమీ అనకండి. మంచిమాట అసలే వద్దు. సంచి జీపులోంచి వచ్చింది, నేను చూశాను. ఆరేళ్లలో ఈ మాట బయటికి రావడం ఇదే మొదటిసారి. ఇందాక దీన్ని రాసి, లేచి, అన్నం పెట్టుకున్నాను. రెండోసారి కూడా వడ్డించుకున్నాను. అంత ఆకలి వేసినందుకు సిగ్గుగా ఉంది.