ఎనిమిది మంది మల్లేశాల ఆదివారం

డిగ్రీ ఆఖరి సంవత్సరం చదివే ఆ రోజుల్లో, లోకంలోని గందరగోళమంతా సరైన పద్ధతి లేకపోవడం వల్లే జరుగుతోందని నాకు గట్టి నమ్మకం ఉండేది. (ఇప్పుడు రెండున్నరేళ్ల కూతురికి చెప్పులు తొడిగే పద్ధతి కూడా నా దగ్గర లేదు. అది పడుకుంది కనుక, మళ్లీ లేచేలోపు ఇది రాస్తున్నాను. మధ్యలో మూడుసార్లు వెళ్లి ఊపిరి చూసి వచ్చాను.)

అప్పట్లో హైదరాబాదు వెళ్లి ఉద్యోగ శిక్షణలో చేరాలని నా కోరిక. సీటు వచ్చింది, హాస్టల్లో జాగ కూడా దొరికింది. కథ మా బాపు దగ్గర, అంటే నాన్న దగ్గర, ఆగింది. “ఎవలన్న గట్టిగ మాట్లాడితెనే ఏడుస్తవ్. ఊరుగాని ఊర్ల ఒక్కదానివి ఎట్లుంటవ్ బిడ్డా?” అనేవాడు. అందులో అబద్ధం లేదు. (ఆ మాటకే నేను ఏడ్చాను.) చివరికి మా మేనమామ కల్పించుకున్నాడు. సిద్దిపేట బస్టాండు దగ్గర ఆయనకు బిర్యానీ హోటల్ ఉండేది. “బావా, శ్రావణం ముందటి ఆదివారం పిల్లను నా పార్సిల్ కౌంటర్ల నిలబెడత. పొద్దుగూకేదాక నిలబడ్డదంటే దానికి హైదరాబాదు ఓ లెక్క గాదు. ఏడ్సుకుంట ఇంటికొచ్చిందంటే ఇంట్లనే ఉంచుకో” అన్నాడు. బాపు వెంటనే ఒప్పుకున్నాడు. నేను ఓడిపోతానని ఆయనకు ఎంత ధీమా అంటే, నన్ను ఓదార్చడానికి ఆ సాయంత్రం నాకిష్టమైన సర్వపిండి చేసిపెట్టమని అమ్మకు ముందే చెప్పి ఉంచాడు.

శ్రావణ మాసం వస్తే మా దిక్కు చాలా ఇళ్లలో నెల రోజులు నీసు ముట్టరు. అందుకని దాని ముందు వచ్చే ఆదివారం, ఇక జన్మలో కోడి కనబడదన్నట్టు తింటారు. మామూలు రోజుల్లో పార్సిల్ అడిగిన నిమిషంలో కట్టి ఇస్తారు. ఆ రోజు అట్లా కుదరదు. ముందు ఆర్డర్ రాసుకోవాలి, పొయ్యి మీది బిర్యానీ హండీ దిగేదాకా జనాన్ని ఆపాలి, దిగాక వరసగా కట్టి పిలిచి ఇవ్వాలి. ఒక ఏడాది నంబర్ల చీటీలు ఇచ్చి చూశారట. సగం మంది పోగొట్టుకున్నారు, ఒకాయన చీటీతో చెవి గోక్కుని పారేశాడు. అప్పటి నుంచి చష్మా చాచా పద్ధతే నడుస్తోంది. పార్సిళ్లు కట్టే ఆ చాచా, మనిషిని ఒకసారి కళ్లద్దాల పైనుంచి చూసి డబ్బా మీద స్కెచ్ పెన్నుతో గుర్తు రాసేవాడు. ‘గళ్ల రుమాలు, రెండు ఫుల్లు.’ ‘ఎర్ర బండి, ఒకటి సింగిల్.’ ఆ రోజు పొద్దున నేను చేరగానే నా కంట పడిన డబ్బా మీద ‘బట్టతల’ అని ఉంది.

“చాచా! ఆయన చూస్తే ఏమనుకుంటడు?”

“చూస్తడు, నెత్తి మీద ఒకసారి చెయ్యి పెట్టుకుంటడు, పార్సిల్ తీస్కొని పోతడు. ఇరవై ఏండ్ల సంది ఎవ్వలు అడగలే బేటీ.”

కస్టమర్‌కు గౌరవం ముఖ్యమని కాలేజీలో చదువుకున్న నేను ఊరుకుంటానా? ఇకమీదట పేర్లు రాస్తామని ప్రకటించాను. చాచా కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని నన్ను చూశాడు. “పేర్లా? సిద్దిపేటలనా?” అన్నాడు. ఆ ప్రశ్న దగ్గర నేను ఆగి ఉండాల్సింది. కొమురవెల్లి మల్లన్న గుడి మాకు గంట దూరంలోనే ఉంటుంది. ఆ దేవుడి పేరుతో ఇంటికొక మల్లేశం ఉంటాడు. మా సొంత చిన్నాయిన పేరే అది. అయినా తట్టలేదు. వచ్చినవాళ్ల పేర్లు గుండ్రటి అక్షరాలతో రాసుకుంటూ పోయాను.

మధ్యాహ్నం మొదటి హండీ దిగింది. కౌంటర్ ముందు వంద మంది దాకా ఉన్నారు. కాలేజీ సెమినార్‌లో మాట్లాడినట్టు గొంతు సవరించుకుని “మల్లేశం గారూ!” అని పిలిచాను. ఎనిమిది చేతులు లేచాయి. నేను కాగితం చూసుకునేలోపు ఒక చెయ్యి అన్నిటికంటే బరువైన కవరు అందుకుని వెళ్లిపోయింది.

“ఏయ్, గది నాదమ్మా! ఫ్యామిలీ ప్యాకు నాది!” ధూళిమిట్ట నుంచి వచ్చినాయన కేక పెట్టాడు. “బిర్యానీ వస్తదని పొద్దటి సంది పోరగాండ్లు ఏం తినలే. ఇంటికి పోయి ఏం జెప్పాలె?”

“పేరు రాస్కున్నవ్ గద మేడం, సదువు మరి!”

“ఏడాదేడాది మంచిగనే ఉండె. గీ పిల్లను ఎవలు నిలబెట్టిన్రు గీడ?”

ఏడ్చాను. చుక్క రాల్చి ఆగడం నాకు చిన్నప్పటి నుంచీ రాదు. వెనక్కి తిరిగి ఏడ్చాను, ముందుకు తిరిగి ఏడ్చాను. గల్లా దగ్గర నుంచి మామ నన్ను చూసి తల దించుకున్నాడు. హైదరాబాదు పోయింది, సర్వపిండి మిగిలింది అనుకున్నాను.

అప్పుడు చెయ్యెత్తిన మల్లేశాల్లో నుంచి నున్నటి గుండు ఒకటి కౌంటర్ మీదికి వంగింది. “ఎందుకేడుస్తవ్ బిడ్డా? నా పేరు పక్కన బట్టతల అని రాయి. నాయి రెండు సింగిల్లు. ఒకటి మా అవ్వకు, కారం తక్కువ.”

“అట్ల రాయొద్దండీ,” అన్నాను వెక్కుతూ.

“రాయమ్మా. నెత్తి నాదే గద, నీకేం తక్లీబు?”

ఇక మిగతావాళ్లు అందుకున్నారు. “నేను ట్రాక్టర్ మల్లేశం.” “నన్ను కరెంటు మల్లేశం అని రాయి, నంగునూరుల పోరగాన్ని అడిగినా చెప్తడు.” మీసం దువ్వుకుంటున్న ఒక కుర్రాడు, “నన్ను స్మార్ట్ మల్లేశం అని రాయున్రి మేడం” అన్నాడు. వెనక నుంచి ఎవరో, “ఏం స్మార్టురా, అంగీకి గుండీలే లెవ్వు! గుండీల్లేనోడు అని రాయి బిడ్డా” అన్నారు. ఏడుస్తూనే నవ్వొచ్చింది. పక్కనుంచి చాచా తన స్కెచ్ పెన్ను నా చేతిలో పెట్టాడు.

ధూళిమిట్ట ఆయనకు రెండో హండీలో నుంచి ఫ్యామిలీ ప్యాకు కట్టి, పిల్లలకని రెండు గుడ్లు ఎక్కువ వేసి పంపాడు చాచా. అరగంట తర్వాత ఆ మొదటి కవరు తీసుకుపోయిన ముసలాయన చెమటలు కక్కుతూ తిరిగొచ్చాడు. “ఇంటికి పోయి ఇప్పితె పెండ్లి బువ్వ లెక్కుంది. నేనొక్కణ్నే ఉంటనమ్మా, ఇంతగానం ఎవలకు పెట్టాలె?” అన్నాడు. మామ ఆయన్ని లోపల ఫ్యాను కింద కూర్చోబెట్టి వేడిగా వడ్డించమన్నాడు. ఆ ఫ్యామిలీ ప్యాకు పనివాళ్ల మధ్యాహ్న భోజనమైంది.

పొద్దుగూకాక మామ నా ముందే బాపుకు ఫోన్ చేశాడు. “ఏడ్సింది బావా. మస్తు ఏడ్సింది. గని కౌంటర్ దిగలే. నా కాడ మొగోళ్లే గీ ఆదివారం పారిపోయిన్రు. గిది ముక్కు తుడుసుకుంట పార్సిళ్లిచ్చింది. పంపియ్యి.” అవతల నుంచి బాపు, “సరే, పోనియ్యి. ముందుగాల ఇంటికైతె తోలియ్యి, సర్వపిండి సల్లగైతుంది” అన్నాడు.

హైదరాబాదు వెళ్లాను. ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, బిడ్డ పుట్టింది. మా ఇంట్లో మాత్రం ‘కౌంటర్ దిగలే’ అన్న ఆ మాట ఇప్పటికీ చెప్పుకుంటారు. మొన్న పాపకు జ్వరమొస్తే నేను దవాఖానలో ఏడుస్తూ కూర్చున్నప్పుడు మామ వచ్చి, “ఆనాడు కౌంటర్ దిగనిదానివి, నీకేం భయం?” అన్నాడు. తల ఊపాను. అసలు సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నేను వెనక్కి తిరిగింది పారిపోవడానికే. కౌంటర్ వెనక చిన్న తలుపు ఉంటుంది. దాని అవతల ఎవరో నిండు పెరుగు క్యాన్లు పెట్టారు. రెండుసార్లు భుజంతో నెట్టాను, కదల్లేదు. ముందు వంద మంది, వెనక పెరుగు. ఎటు పోను?

అప్పటి ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం ముద్దు కూడా వస్తుంది. మూడోసారి నెట్టినా లాభం లేదని తెలుసుకుని, చున్నీతో కళ్లు తుడుచుకుని, ముందుకు తిరిగి, “తర్వాత ఎవరండీ?” అంది కదా.