కింది ఇంటాయన నాలుగేళ్ల గ్యాప్

అమెరికాలోని ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్ కింది ఇంట్లో డెబ్బై దాటిన ఒక అమెరికన్ ఉండేవారు. మనిషి ఒక్కరే, వృత్తులు మూడు: రచయిత, ఎడిటర్, సినిమా నిర్మాత. నవలలు రెండు రాశారు. చేపల వేట పత్రికకి తొమ్మిదేళ్లు ఎడిటర్‌గా ఉన్నారు, ఒక్క చేపనీ పట్టకుండా. సినిమాలు మూడు తీశారు. మూడోదాన్ని ఆయనా, ఆయన మాజీ భార్యా, ఆవిడ లాయరూ చూశారట.

ఆయనకి కాలేజీలో సాయంత్రం పూట రచన నేర్పే ఉద్యోగం కావాలి. ఖాళీగా కూర్చుంటే నిజంగానే ముసలివాణ్నైపోతానని భయం. దరఖాస్తుకి శుక్రవారం గడువు. ఆయన జన్మలో రెజ్యూమె రాయలేదు. నేను రాసిపెడతానన్నాను. ఇక్కడ మాస్టర్స్ చేసిన మాకు వేరే ఏ విద్య రాకపోయినా ఆ విద్య వస్తుంది.

పద్ధతిగా మొదలుపెట్టాను. ప్రతి ఉద్యోగానికీ హోదా, తేదీలు, బాధ్యతలు, వాడిన టూల్స్. టూల్స్ ఏమిటంటే "పెన్సిల్" అన్నారు. రాసుకున్నాను. తేదీలు మాత్రం కలవలేదు.

"సార్, ఈ నాలుగేళ్లు ఏం చేశారు?"

"మూడో నవల రాశాను."

"నవలలు రెండే అన్నారు కదా?"

"అందుకే."

పైకొచ్చి రూమ్మేట్‌కి చెప్పాను. వాడు పెరుగన్నం గిన్నె పక్కన పెట్టేశాడు.

"నాలుగేళ్ల గ్యాపా? ఒరేయ్, నాకు రెండు నెలలుంటేనే రిక్రూటర్ చంపుకు తిన్నాడు. ఏదో ప్రాజెక్ట్ పెట్టి కప్పెయ్‌రా!"

కప్పేశాను. "దీర్ఘకాలిక కథా ప్రాజెక్ట్, లీడ్ ఆర్కిటెక్ట్." కింద బాధ్యతలు పద్నాలుగు. మొత్తం పదకొండు పేజీలు.

ఆయన ఓపిగ్గా అన్నీ చదివారు.

"ఈయనెవరో గొప్పవాడిలా ఉన్నాడు. నాకు పరిచయం చెయ్యి, అబ్బాయ్."

తర్వాత ఎర్ర పెన్సిల్ తీశారు. అరగంటలో ఒక్క పేజీ మిగిలింది. నా పద్నాలుగు బాధ్యతల స్థానంలో రెండు వాక్యాలు: నవల మొదలుపెట్టాను. పూర్తి చేయలేకపోయాను.

"సార్, ఇది చూస్తే ఇంటర్వ్యూకి పిలవరు!"

"పిలవకపోతే వచ్చే ఏడాది నీ పదకొండు పేజీలూ పంపుదాం."

పిలిచారు. ఇంటర్వ్యూ రోజు ఆఫీస్‌లో మూడు మీటింగుల్లో కూర్చున్నాను, ఒక్కటీ వినలేదు. సాయంత్రం ఆయన్ని మెట్ల దగ్గరే పట్టుకున్నాను.

"ఏమడిగారు?"

"ఆ నాలుగేళ్ల గురించే. గంటసేపు."

వచ్చే ఏడాదికి నా పదకొండు పేజీలూ ఎక్కడ దాచానో గుర్తు చేసుకున్నాను.

"సోమవారం నుంచి రమ్మన్నారు. జనం ఎక్కడ ఆగిపోతారో తెలిసినవాడే కావాలట వాళ్లకి."

"ఏం క్లాసు సార్?"

"నవల పూర్తి చేయడం ఎలా" అని ఆయన తలుపు తీసుకుని లోపలికెళ్లిపోయారు.