అమ్మను కుర్చీలో కూర్చోబెట్టిన మాస్టారు

తెనాలిలో బోర్డులు రాసే మాస్టారు పోయారని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను బాపట్లలో, బీఎడ్ హాస్టల్లో ఉన్నాను. ఏడుపు కంటే ముందు అసూయ పుట్టింది. ఇక ఆయన నా బొమ్మ వెయ్యరు. అమ్మ బొమ్మ మాత్రం రేపల్లెలో గోడ మీద ఉంది. అటు వెళ్తే మీరూ చూడొచ్చు.

ఫ్లెక్సీలు వచ్చి బోర్డుల పని తగ్గాక, మాస్టారు మిగిలిన రంగులతో తెనాలి నుంచి రేపల్లె దాకా వీధి గోడల మీద మనుషుల్ని వేసేవారు. రిక్షా తొక్కేవాళ్లు, కాలవలు తీసేవాళ్లు, ఇంటింటికీ తిరిగి అమ్ముకునేవాళ్లు. ఎవరిని వేసినా కుర్చీలో కూర్చున్నట్టే వేసేవారు.

"వీళ్లని గుమ్మం బయటే నిలబెట్టి మాట్లాడతాం. బొమ్మలోనైనా కూర్చోనీ అమ్మాయ్," అనేవారు.

అమ్మ నిజాంపట్నం నుంచి చేపలు తెచ్చి రేపల్లె వీధుల్లో అమ్ముతుంది. ఆమెను మాస్టారు చేతుల కుర్చీలో వేశారు. గోడ యజమానికి అది నచ్చలేదు.

"చేపలు అమ్ముకునేదానికి కుర్చీ ఏంటండీ?"

"గోడ మీదే కదండీ. మీ హాల్లో కాదుగా," అన్నారు మాస్టారు.

యజమాని నవ్వలేక, తిట్టలేక లోపలికి పోయాడు.

ఎవరి బొమ్మ మొదలుపెట్టే ముందైనా మాస్టారు వాళ్లను టీకొట్టు బల్ల మీద కూర్చోబెట్టి, తాను కింద కూర్చుని కబుర్లు చెప్పించేవారు. తన చిన్నప్పుడు వాళ్ల నాన్నతో పడవెక్కుతానని ఏడ్చిన సంగతి అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు. ఆయనకు చెప్పింది. రంగు డబ్బాలు పట్టుకుని నిలబడి విన్నాను. అమ్మ మీదా అసూయే, ఆయన మీదా అసూయే.

"నన్నెప్పుడు వేస్తారు మాస్టారూ?" సిగ్గు విడిచి అడిగాను.

"రేపు బడిలో నీకు కుర్చీ ఉంటుందిగా తల్లీ."

"అంటే చదువుకోవడం నా తప్పా?"

అమ్మ పకపకా నవ్వింది. "కుళ్లుకోకే! చదువంతా నీకే ఇచ్చాంగా. ఇదొక్కటీ నాకు వదిలెయ్యి."

మా ఇంట్లో బడికెళ్లిన మొదటిదాన్ని నేనే. ఇంటికొచ్చిన వాళ్లంతా నన్ను చూసే మురిసిపోయేవారు. ఆయనొక్కరే నన్ను దాటి అమ్మను చూశారు. ఆ తర్వాతే నేనూ చూడడం మొదలుపెట్టాను. అందుకు దణ్ణం పెట్టుకుంటాను. అసూయ మాత్రం పోలేదు.

మాస్టారిని చివరిసారి చూసి, తెనాలి నుంచి రైల్లో రేపల్లె వచ్చాం. అమ్మ తిన్నగా ఆ గోడ దగ్గరికి నడిచింది. రంగు వెలిసింది గాని, బొమ్మలో దర్జా తగ్గలేదు. సాయంత్రపు ఎండ మా వెనక నుంచి పడుతోంది. బొమ్మ పక్కనున్న ఖాళీలో నా నీడ, కుర్చీ మీద చెయ్యి వేసి నిలబడినట్టు పడింది. పక్కకు జరగబోయాను.

"కదలకే," అంది అమ్మ.

ఎండ గోడ మీంచి పోయేదాకా అలాగే నిలబడ్డాను.