పెద్ద అంకెదే మొదటి వంతు

నా భర్త పోయాక ఆయన కంప్యూటర్‌ను జ్ఞాపకంగా దాచుకోమన్నవారున్నారు, అమ్మేయమన్నవారున్నారు. నాకు రెండూ వద్దు. ఆయన దాని మీద చద్దర్లకు డిజైన్లు గీసేవాడు. పక్కన కూర్చుని నేనూ నేర్చుకున్నాను. చివరి డిజైన్‌కు అంచు మిగిలిపోయింది. అది పూర్తి చేసిస్తే దాజీ పేట్ కార్ఖానా వాళ్ళు ఇకముందు పని నాకే ఇస్తామన్నారు.

కానీ ఫైలు తెరవగానే స్క్రీన్ బిగుసుకుపోయేది. డిజైన్ పెద్దది, మెమరీ తక్కువ. ఆ పాత బోర్డుకు సరిపడే ర్యామ్ ఇప్పుడు దొరకడం లేదు.

నీలం నగర్‌లో మాది ఒకే గది. తలుపు దగ్గర అత్తమ్మ బీడీలు చుడుతుండగా మరిది వచ్చాడు.

"ఏంది వదినా, ఇంకా ఈ డబ్బ ముంగటనేనా? భంగార్‌ల ఏసేద్దాం."

"ఆదివారం దాక ఆగు."

"ఆగితే ఏమైతది? గుడ్లు పెడ్తదా?"

"నువ్వు పెట్టినవారా ఎన్నడన్న?" అంది అత్తమ్మ, చేటలోంచి తలెత్తకుండా.

అప్పటికే నేను జడ్‌రామ్ గురించి చదువుతున్నాను. మెమరీ నిండితే మా కంప్యూటర్‌ను నడిపే లినక్స్ అప్పటికి వాడని డేటాను డిస్కు మీదికి తోస్తుంది. దాన్ని స్వాప్ అంటారు. మా డిస్కు బాగా నెమ్మది. జడ్‌రామ్ ఆ డేటాను కుదించి మెమరీలోనే ఉంచుతుంది. మా ఇంట్లో పొద్దున పరుపులు చుట్టి గోడకు చేరిస్తేనే బీడీల చేటకు చోటుంటుంది. ఇదీ అంతే.

ఇన్‌స్టాల్ చేశాను. రెండు స్వాప్‌లకూ ఏది ముందో చెప్పే వంతు అంకె ఇవ్వాలి. జడ్‌రామ్‌కు ఒకటి, డిస్కుకు పది ఇచ్చాను. ఫైలు తెరిస్తే డిస్కు గరగరలాడింది, స్క్రీన్ మళ్ళీ బిగుసుకుంది. ఎన్నిసార్లు చేసినా అదే.

చివరికి ఏది ఎంత నిండుతోందో చూశాను. డిస్కు నిండుతోంది, జడ్‌రామ్ ఖాళీగా ఉంది. మాన్యువల్ తెరిచాను. పెద్ద అంకె ఉన్నదాన్నే ముందు వాడుతుందట. మా నాన్న పనిచేసిన కార్ఖానాలో నూలు చుట్టిన బీములు ఒకటో నంబరు మగ్గం నుంచి పంచేవారు. ఒకటంటే ముందు అని చిన్నప్పటి నుంచి నా తలలో ఉంది. అంకెలు మార్చి, రీస్టార్ట్ చేశాను.

ఫైలు తెరుచుకుంది. ఆయన ఆపిన చోట అంచు ఖాళీగా ఉంది. అత్తమ్మ నా ముఖం వైపు చూసింది. నేను ఏడవలేదు. గీయడం మొదలుపెట్టాను.

ఆదివారం మరిది పాత సామాను కొనే భంగార్ బండిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"జరుగు వదినా, బండి బయట నిలవడ్డది."

"జరగ. పని నడుస్తుంది."

"వచ్చినోణ్ణి ఉత్తగ పంపకురా. నీ సైకిల్ ఎక్కియ్," అంది అత్తమ్మ.

అతను నవ్వలేదు. వంగి స్క్రీన్ చూశాడు.

"అన్న అంచుకు గళ్ళే ఏస్తుండె గద. ఈ తీగెలేంది?"

"మీ అన్న గళ్ళే ఏస్తుండె," అన్నాను. "ఇవి నేనేసినవి."